డెబ్బై రెండు నెలల వాయిదా, అరవై రోజుల గడువు

మొన్న శనివారం మా అపార్టుమెంట్లలోనే ఒకాయన ఇంట్లో సత్యనారాయణ వ్రతం. పులిహోర, ప్రసాదం అయ్యాక మగవాళ్ళం అలవాటు ప్రకారం పార్కింగులోకి చేరాం. అసలు వ్రతానికి కారణమైన దేవుడు అక్కడ నిలబడి ఉన్నాడు. కొత్త ఎస్‌యూవీ. మూడు వరసల సీట్లు, బానెట్ మీద కుంకుమతో స్వస్తిక్, ముందు టైరు కింద చితికిన నిమ్మకాయ. అందరూ చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. నేనూ చేశాను.

"ఎంత పడిందన్నా?" అని ఎవరో అడిగారు.

"నెలకి ఆరొందల యాభై. అంతే!" అన్నాడాయన.

నేను ఆ "అంతే" దగ్గరే ఆగిపోయాను. అక్కడున్న పదిమందిలో ఒక్కరు కూడా బండి వెలెంత, వడ్డీ ఎంత, ఎన్నేళ్ళు కట్టాలి అని అడగలేదు. కొట్లో గోంగూర కట్ట యాభై సెంట్లు పెరిగితే వారం రోజులు చెప్పుకునే వాళ్ళం మనం! తర్వాత ఆయన నావైపు తిరిగి, "మీది ఇంకా ఆ పాత మాజ్డాయేనా అన్నా? మీ కంపెనీ సరిగ్గా ఇవ్వట్లేదా ఏంటి?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం నవ్వు రాలేదు. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను, కాస్త ఘాటుగా ఉంటే సర్దుకోండి.

నేను చెప్పేది ఒకటే. హెచ్-1బి మీద ఉండి, ఇర్వింగ్‌లో అద్దె ఇంట్లో కాపురం చేసుకుంటూ, ఇద్దరు పిల్లలున్న కన్సల్టెంటు ఆరేళ్ళ అప్పు మీద కొత్త ఎస్‌యూవీ కొనడం తెలివితక్కువ పని. పెట్రోలుతో నడిచే ఐదారేళ్ళ పాత చిన్న ఎస్‌యూవీ చాలు. ఈ మాటంటే పిసినారి అంటారు. అనండి, కానీ లెక్క చూశాక అనండి.

ముందు లెక్క. బండి 38,000 డాలర్లు, వడ్డీ 7 శాతం, 72 నెలలు అనుకుందాం. నెలకు 648 డాలర్లు వస్తుంది. ఆరేళ్ళలో మీరు కట్టేది దాదాపు 46,650. అంటే వడ్డీయే 8,650 పైచిలుకు. దీనికి టెక్సస్ అమ్మకం పన్ను 6.25 శాతం, అంటే ఇంకో 2,375. ఇప్పుడు పాత బండి చూడండి. వెల 18,000. చేతిలోంచి 8,000 పెట్టి, 10,000 మాత్రం అప్పు చేశారనుకుందాం. పాత బండి కాబట్టి వడ్డీ ఎక్కువే వేస్తాడు, 8.5 శాతం అనుకోండి. మూడేళ్ళకు నెలకు 316 డాలర్లు. మొత్తం వడ్డీ 1,365 లోపు. పన్ను 1,125. వడ్డీ రేటు ఎక్కువైనా వడ్డీ డబ్బు ఆరో వంతు కూడా లేదు చూశారా! "పాత బండికి వడ్డీ ఎక్కువన్నా" అనేవాళ్ళకు ఇదే నా జవాబు.

వడ్డీ సంగతి వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. 2025లో వచ్చిన పన్ను చట్టం ప్రకారం అమెరికాలో తయారైన కొత్త కారు మీద కట్టే వడ్డీని 2028 దాకా ఆదాయంలోంచి తగ్గించి చూపించుకోవచ్చు. పాత కారుకు ఆ సౌకర్యం లేదు. షోరూముల్లో దీన్ని బాగా వాయిస్తున్నారు. కానీ అది పన్నులోంచి తీసేసే డబ్బు కాదు, ఆదాయంలోంచి తీసేది. ఏడాదికి 2,000 వడ్డీ కట్టి, మీరు 22 శాతం పన్ను శ్లాబులో ఉంటే, మీకు మిగిలేది 440 డాలర్లు. నాలుగొందల నలభై మిగుల్చుకోడానికి రెండు వేలు కట్టడం ఏ లెక్కల మాస్టారు చెప్పాడో నాకు తెలీదు.

అయినా నన్ను భయపెట్టేది వడ్డీ కాదు. తేదీలు.

హెచ్-1బి మూడేళ్ళకొకసారి ఇస్తారు. ఆరేళ్ళు దాటాలంటే గ్రీన్ కార్డు దరఖాస్తు ఒక దశ దాకా వెళ్ళి ఉండాలి. ఉద్యోగం పోతే 60 రోజులు, లేదా ఐ-94 మీద ఉన్న తేదీ, ఏది ముందొస్తే అది. ఆ అరవై రోజులు కూడా 2017 జనవరి నుంచే. అంతకుముందు పోయినవాళ్ళకు అదీ లేదు, నాబోటి పాతకాపులకు 2009 నాటి బెంచి రోజులు బాగా గుర్తు. ఇంకో తమాషా ఏమిటంటే, టెక్సస్‌లో మన డ్రైవింగు లైసెన్సు గడువు కూడా మన వీసా కాగితాల గడువుతోనే ముగుస్తుంది. కొందరు అప్పులిచ్చేవాళ్ళు వీసా తేదీ దాటి వాయిదాలు పెట్టరు. అలాంటి చోట లోను రాకపోతే మనవాళ్ళు తిట్టుకుంటారు. నిజానికి ఆ గుమాస్తా మనకంటే జాగ్రత్తగా లెక్క వేశాడు. రాష్ట్ర ప్రభుత్వం, కేంద్ర ప్రభుత్వం, ఆ బ్యాంకువాడు, ముగ్గురూ మనల్ని రెండు మూడేళ్ళ వాళ్ళుగా చూస్తుంటే, మనం మాత్రం డెబ్బై రెండు నెలల కాగితం మీద సంతకం పెట్టి నిమ్మకాయ తొక్కిస్తున్నాం.

ఇదంతా పుస్తకాల్లో మాట కాదు. మా పక్క బిల్డింగులో ఒక కుర్రాడుండేవాడు. పెళ్ళాం, మూడేళ్ళ పాప. నన్ను "అన్నయ్యా" అని పిలిచేవాడు. ఒక శుక్రవారం మధ్యాహ్నం ప్రాజెక్టు అయిపోయిందన్నారు. అప్పటికి కొత్త బండి కొని ఏడాదిన్నర. పైన చెప్పిన లెక్కే తీసుకోండి, పద్దెనిమిది వాయిదాలు కట్టాక కూడా అప్పు 30,000 దాకా మిగిలే ఉంటుంది. అతనికీ దాదాపు అంతే ఉంది. నలభై రోజులు ఇంటర్వ్యూలు చేశాడు. నలభై ఒకటో రోజు నన్ను తోడు రమ్మన్నాడు, బండి అమ్మడానికి. ఎక్కడికెళ్ళినా అప్పుకంటే నాలుగైదు వేలు తక్కువకే అడిగారు. అంటే అర్థమైందా? బండి ఇచ్చేసి, దాని మీద చెక్కు కూడా రాసివ్వాలి. ఆఖరికి అదే చేశాడు. తిరిగొచ్చేటప్పుడు నా పాత మాజ్డాలో పక్క సీట్లో కూర్చుని, "ఆ డబ్బుంటే మా ముగ్గురికీ టికెట్లు వచ్చేవన్నయ్యా" అన్నాడు. ఇంకేం అనలేదు. వాళ్ళు ఇప్పుడు విజయవాడలో ఉన్నారు.

అప్పుడు మా పార్కింగులో ఆ బండి చుట్టూ ప్రదక్షిణం చేసినవాళ్ళే మొన్నా చేశారు. ఒక్కరికీ ఆ సంగతి గుర్తు రాలేదు! 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు వాట్సాప్‌లో రాత్రంతా గగ్గోలు పెట్టినవాళ్ళూ వీళ్ళే. భయమేమో వాట్సాప్‌లో, ధైర్యమేమో షోరూములో.

సరే, మనవాళ్ళు చెప్పే కారణాలు ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది, "అమ్మానాన్న వస్తారు, ఏడుగురు పట్టాలి." ఇందులో నిజముంది, కాదనను. ఇద్దరు పిల్లలు, మనిద్దరం, అమ్మానాన్న, ఆరుగురం ఐదు సీట్ల బండిలో పట్టం. పైగా టెక్సస్‌లో ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు, నాలుగడుగుల తొమ్మిది అంగుళాలు దాటితే తప్ప, పిల్లల సీటు తప్పనిసరి. రెండు పిల్లల సీట్ల మధ్య పెద్దవాళ్ళెవరూ సుఖంగా కూర్చోలేరు. కానీ మీరు కొన్న ఆ మూడో వరసలోకి మోకాళ్ళ నొప్పులున్న అరవై ఐదేళ్ళ ఆవిడని ఎక్కించి చూశారా? మా అమ్మ ఒకసారి అలాంటి బండెక్కి, "ఒరేయ్, ఇది పల్లకీనా, అటకా?" అంది. అమ్మానాన్న ఉండేది మహా అయితే ఆరు నెలలు. అందులో అందరం కలిసి దూరం వెళ్ళేది నాలుగైదు సార్లు. ఆ నాలుగు వారాంతాలకూ మినీవ్యాన్ అద్దెకు తీసుకోండి, తలుపు పక్కకు జరుగుతుంది, పెద్దవాళ్ళు హాయిగా ఎక్కుతారు. నిజంగానే ఏడాది పొడుగునా ఆరుగురున్న ఇల్లైతే పాత మినీవ్యాన్ కొనండి. కానీ మినీవ్యాన్ అంటే మన మగవాళ్ళకు నామోషీ. అంటే సంగతి సీట్లది కాదన్నమాట.

రెండోది, "పాత బండికి రిపేర్లు." నా బండి సంగతి చెప్తాను. 2016 మోడల్ సీఎక్స్-5. 2020లో 41,000 మైళ్ళ దగ్గర కొన్నాను. ఇప్పుడు లక్షా పన్నెండు వేలు. ఈ మధ్యలో రెండు సెట్ల టైర్లు, బ్రేకులు, రెండు బ్యాటరీలు (టెక్సస్ ఎండకు బ్యాటరీలు బతకవు), ఒకసారి ఏసీ. అన్నీ కలిపితే ఆ కొత్త బండికి ఆరు నెలల వాయిదాలంత. ఆ టైర్లూ, బ్యాటరీలూ కొత్త బండికైనా ఎప్పటికో మార్చాల్సినవే. అప్పు తీరిపోయింది కాబట్టి బండి కాగితం నా సొరుగులో ఉంది. పూర్తి ఇన్సూరెన్సు పెట్టుకోవాలా, టెక్సస్ అడిగే కనీసం చాలా అన్నది కూడా నా ఇష్టం. అప్పున్న బండికి ఆ ఇష్టం ఉండదు, అప్పిచ్చినవాడు చెప్పినంతా కొనాల్సిందే.

మూడోది, "కొంటే హైబ్రిడ్ కొనాలి, లేకపోతే కరెంటు బండి. పెట్రోలు బండేంటన్నా ఈ రోజుల్లో!" ఇక్కడ పెట్రోలును గ్యాసు అంటారు, ఇంటి దగ్గర చదివేవాళ్ళు సిలిండరు అనుకోకండి. ఏడాదికి 12,000 మైళ్ళు తిరుగుతాం అనుకోండి. గ్యాలనుకు 26 మైళ్ళిచ్చే పెట్రోలు బండికి, గ్యాలను 3 డాలర్ల లెక్కన, 1,385 అవుతుంది. 38 మైళ్ళిచ్చే హైబ్రిడ్‌కు 947. తేడా ఏడాదికి 438 డాలర్లు. అదే పాతదనం ఉన్న హైబ్రిడ్‌కు మూడు వేలు ఎక్కువ పెడితే, ఆ మూడు వేలు తిరిగి రావడానికి ఏడేళ్ళు పడుతుంది. ఏడేళ్ళు ఇక్కడుంటామని గ్యారంటీ ఉన్నవాళ్ళు తప్పక కొనండి. కరెంటు బండంటారా, మా అపార్టుమెంట్లలో ఛార్జింగు లేదు. పాత కరెంటు బండ్ల మీద కేంద్రం ఇచ్చే 4,000 డాలర్ల దాకా పన్ను రాయితీ 2025 సెప్టెంబరు 30తో పోయింది. పైగా టెక్సస్‌లో 2023 సెప్టెంబరు నుంచి వాటికి ఏటా 200 డాలర్ల అదనపు రిజిస్ట్రేషను రుసుము. సొంత ఇల్లు, గరాజు ఉన్నవాళ్ళ లెక్క వేరు. నేను మాట్లాడేది అద్దెకున్నవాళ్ళ గురించి.

నాలుగోది, "టొయోటా, హోండా తప్ప వేరేది కొనకూడదు." ఇది మనవాళ్ళకు వేదవాక్కు. ఆ బండ్లు మంచివే, కాదనేవాడు లేడు. కానీ అందరూ అదే అనుకోవడం వల్ల వాటి పాత బండ్ల వెల దిగదు. 2026 మోడల్ నుంచి రావ్4 హైబ్రిడ్‌గానే వస్తోంది, ఉత్త పెట్రోలు రావ్4 కావాలంటే ఇక పాతదే గతి. కాబట్టి వాటి వెల ఇంకా బిగుసుకుంటుందని నా అనుమానం. పేరు చూసి కళ్ళు మూసుకోవడమూ ప్రమాదమే. 2017, 2018 సీఆర్-వీల టర్బో ఇంజన్లలో, ముఖ్యంగా చలి ప్రాంతాల్లో, పెట్రోలు వచ్చి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తోందని ఫిర్యాదులొచ్చి, హోండా వారంటీ పొడిగించాల్సి వచ్చింది. నిస్సాన్ రోగ్ 2014 నుంచి 2018 దాకా మోడళ్ళ సీవీటీ గేరుబాక్సు వారంటీని 84 నెలలు లేదా 84,000 మైళ్ళకు పెంచారు. ఊరికే పెంచరు కదా! హ్యుందాయ్, కియాల థీటా-2 ఇంజన్ల రీకాళ్ళు 2015లో మొదలై ఏళ్ళ తరబడి సాగాయి. చవగ్గా దొరుకుతున్నాయంటే ఒక్కోసారి కారణం ఉంటుంది. నా ఓటు మామూలు ఇంజనుకు, మామూలు గేరుబాక్సుకు. టర్బో లేని 2.5 లీటర్ల ఇంజను, ఆరు గేర్ల ఆటోమేటిక్, అందుకే సీఎక్స్-5. మీకు వేరేది దొరికితే కొనండి. చూడాల్సింది బానెట్ కింద ఏముందో, దాని మీద బొమ్మ ఏదో కాదు.

ఇక కొనేటప్పుడు. ఇది కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే మన తరఫున చూసేవాళ్ళు తగ్గిపోయారు. 2025 జనవరి 1 నుంచి టెక్సస్‌లో మామూలు బండ్లకు ఏటేటా చేసే భద్రతా తనిఖీ ఎత్తేశారు. డాలస్ లాంటి పెద్ద కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రం మిగిలింది. అంటే మీరు కొనబోయే బండి బ్రేకులను, టైర్లను, స్టీరింగును ఎవరూ చూసి ఉండకపోవచ్చు. డీలర్లు చెప్పకుండా అంటగట్టే రుసుములను అరికట్టడానికి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 డిసెంబరులో ఒక నిబంధన తెచ్చింది. దాన్ని 2025 జనవరిలో ఐదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు కొట్టేసింది. ఇక మన కళ్ళే మనకు దిక్కు.

అంచేత, ముందు విన్ నంబరు తీసుకోండి. ఎన్‌ఐసీబీ వాళ్ళ విన్‌చెక్‌లో దొంగ బండా, సాల్వేజ్ బండా అని ఉచితంగా చూడొచ్చు. రీకాళ్ళు ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్లో ఉచితం. 2017లో హ్యూస్టన్‌ను హరికేన్ హార్వీ ముంచినప్పుడు లక్షల బండ్లు నీళ్ళలో మునిగాయి, అలాంటివి తుడుచుకుని మళ్ళీ అమ్మకానికొస్తాయి. సీటు బెల్టు ఆఖరిదాకా లాగి చూడండి, చివర మట్టి చార ఉంటే అక్కణ్ణుంచి పారిపోండి. కార్పెట్ ఎత్తి వాసన చూడండి. వడగళ్ళ సొట్టలుంటే మాత్రం భయపడొద్దు, టైటిల్ శుభ్రంగా ఉంటే అవి బేరానికి వరం. మన డాలస్ వడగళ్ళకు కొత్త బండైనా వచ్చే వసంతంలో అలాగే అవుతుంది. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, 3519 అంటే 2019లో ముప్ఫై ఐదో వారంలో తయారైందని. బండి చూడ్డానికి వెళ్ళేముందు, ఇంజను వేడి చేయొద్దని ముందే చెప్పండి. చల్లటి ఇంజను స్టార్టయ్యేటప్పుడే నిజం చెబుతుంది. ఇవన్నీ అయ్యాక, అమ్మేవాడికి సంబంధం లేని మెకానిక్కు చేత రెండొందలు పెట్టి పరీక్ష చేయించండి. "అక్కర్లేదు, మా దగ్గర చేశాం" అని అడ్డం చెబితే దండం పెట్టి బయటికి రండి.

ఒకప్పుడు నేను ఆ రెండొందలకు చూసుకున్నాను. ఇక్కడికొచ్చిన కొత్తలో ఒక చిన్న లాట్‌లో పాత బండి కొని, మూడో నెలలో గేరుబాక్సుకు 2,600 పోసుకున్నాను. కిటికీకి అతికించిన కాగితం మీద "ఉన్నది ఉన్నట్టు, వారంటీ లేదు" అని స్పష్టంగా రాసే ఉంది, చదవంది నేనే. మా ఆవిడ ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తు చేస్తుంది.

వేరేవాళ్ళ దగ్గర నేరుగా కొంటే కౌంటీ ట్యాక్సు ఆఫీసులో ఇద్దరూ కలిసి టైటిల్ మార్చుకోండి. వెల తక్కువ రాసి పన్ను ఎగ్గొడదాం అనుకోకండి. అసలు వెల, లేదా రాష్ట్రం లెక్కగట్టిన విలువలో 80 శాతం, రెండింట్లో ఏది ఎక్కువైతే దాని మీదే పన్ను. షోరూములో కొంటే "నెలకు ఎంత కట్టగలరు?" అన్న ప్రశ్నకు జవాబే చెప్పకండి. "అన్నీ కలిపి బయటికొచ్చే వెలెంత?" అని మాత్రం అడగండి. టైర్లలో నైట్రోజను, అద్దం మీద నంబరు చెక్కడం, పెయింటుకు పూత, వీటన్నిటికీ ఒకటే మాట: వద్దు.

ఇవన్నీ మన ఇర్వింగ్‌లో ఎవరికీ తెలియని రహస్యాలు కావు. 183 మీద వరసగా షోరూములున్నాయి, వారానికోసారి ఎవరో ఒకరు కారు కొంటూనే ఉంటారు. అయినా ఎందుకు కొత్తదే కొంటున్నారంటే, సెకండ్ హ్యాండ్ బండి ఫోటో ఇంటికి పంపడానికి మొహం చెల్లదు. నాకిక్కడే ఒళ్ళు మండుతుంది. మా నాన్న 1987లో తెనాలిలో సెకండ్ హ్యాండ్ బజాజ్ చేతక్ కొన్నారు. కొత్తది కావాలంటే బుక్ చేసి ఏళ్ళు కాచుకోవాల్సిన రోజులవి. ఆ స్కూటరు ఇంటికొచ్చిన రోజు మా వీధిలో అందరికీ లడ్డూలు పంచారు. ఎవరూ "పాతదా?" అని మొహం చిట్లించలేదు. ఆయన ఎవరికీ బాకీ లేకుండా కొన్నారు, మమ్మల్ని ముగ్గుర్నీ దాని మీదే బడికి దింపారు. ఆయన కొడుకులం మనం. ఆయనకు లేని సిగ్గు మనకెక్కణ్ణుంచి వచ్చింది?

మొన్న వ్రతం ఇంటాయన మంచివాడే, మాకు కావాల్సినవాడే. ఆయన బండి ఆయనకు అచ్చిరావాలి, ఉద్యోగం చల్లగా ఉండాలి. కానీ రేపు కొనబోయేవాళ్ళు ఒక్క పని చేయండి. ఒక కాగితం మీద మీ ఐ-94లో ఉన్న తేదీ రాయండి. దాని కింద లోను ఆఖరి వాయిదా తేదీ రాయండి. ఆ కాగితం మీ ఆవిడ చేతికిచ్చి, అప్పుడు సంతకం పెట్టడానికి వెళ్ళండి.